రింగు వల గొడవని ఎక్కడి నుంచి చదవాలి? విశాఖ తీరం నుంచి ఒక కేస్ స్టడీ

2022 జనవరి మొదటి వారంలో విశాఖపట్నం తీరంలో రింగు వలల విషయమై ఆ వలలు వేసే మత్స్యకారులకీ సంప్రదాయ వలల మత్స్యకారులకీ మధ్య సముద్రంలోనే గొడవ జరిగింది. పడవలు తగలబడ్డాయి, మనుషులకి దెబ్బలు తగిలాయి, పెదజాలరిపేట చుట్టుపక్కల 144 సెక్షన్ పెట్టారు, పోలీసులు దిగారు, తర్వాత మంత్రులూ అధికారులూ రెండు వైపుల పెద్దల్నీ కూర్చోబెట్టి మాట్లాడారు. టీవీ చానళ్ళు కొన్ని రోజులు మంటలు చూపించి వేరే వార్తకి వెళ్ళిపోయాయి. నేను ఆంత్రోపాలజీలో రీసెర్చ్ చేసేదాన్ని, ఈ తీరం ఊళ్ళే నా ఫీల్డు, అందుకని నాకు ఇది పాత వార్త కాదు, ఇప్పటికీ నడుస్తున్న కేసు.

దీన్ని ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, కొత్తగా రీసెర్చ్‌లోకి వచ్చే పిల్లలు నన్ను ఒకే రకం ప్రశ్నలు అడుగుతుంటారు, అక్కా పుస్తకాలు ఎప్పుడు చదవాలి, పాలిటిక్స్ ఎంతవరకు ఫాలో అవ్వాలి, గొడవ జరుగుతున్న ఊళ్ళోకి వెళ్ళాలా ఆగాలా అని. వాళ్ళకి ఇవి మూడు వేరు వేరు పనులు. నాకైతే రోజూ చేసే ఒకటే పని. ఊరికే చెప్తే ఇది అర్థం కాదు, ఒక కేసు మొత్తం విప్పి చూపిస్తేనే అర్థమవుతుంది. నా మాట ముందే చెప్పేస్తాను: గొడవ జరిగిన రోజు నుంచి కేసు రాయడం మొదలుపెడితే మనం రాసేది ఎఫ్ఐఆర్‌కి ఇంకో కాపీ అవుతుంది. మామూలు రోజుల నుంచి మొదలుపెట్టాలి, అందులోనూ బాకీల నుంచి మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి కూడా. నేను ఎవరి పేర్లూ రాయట్లేదు, ఏ ఊరు ఏ వైపో కూడా రాయట్లేదు. ఆ ఊళ్ళ మీద కేసులు పడ్డాయి, మనుషులు కోర్టుల చుట్టూ తిరుగుతుంటారు, నేను రాసిన ఒక్క లైను వల్ల ఎవరి ఇంటికైనా ఇబ్బంది వస్తే ఆ రాత రాయకపోవడమే మంచిది. కొన్ని చోట్ల ఇద్దరు ముగ్గురు చెప్పిన మాటలు ఒక మనిషి మాటగా కలిపి రాశాను, అర్థం మాత్రం మార్చలేదు.

వల, గీత

రింగు వల గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు లాంటి చేపలు నీటి పైభాగంలో గుంపులుగా తిరుగుతాయి. ఆ గుంపు చుట్టూ వల వేసేసి, వల అడుగున ఉన్న రింగుల్లోంచి పోయే తాడు లాగుతారు, సంచి మూతి బిగించినట్టు అడుగు మూసుకుపోతుంది, గుంపు గుంపంతా లోపల ఉండిపోతుంది. ఒక్కసారికి టన్నుల్లో పడొచ్చు, అసలేం పడకపోవచ్చు కూడా. వల కన్ను, అంటే దారాల మధ్య సందు, చిన్నదైతే పిల్లచేపలు కూడా వచ్చేస్తాయి, సంప్రదాయ వేటగాళ్ళ కోపంలో ఇదొక పెద్ద భాగం. వాళ్ళు ఫైబర్ తెప్పల మీద నలుగురైదుగురు వెళ్ళి, చేప మొప్పలు ఇరుక్కునే వలలూ గాలాలూ వేసి వేట చేస్తారు. రింగు వలకి పెద్ద గుంపు కావాలి, పెద్ద పడవ కావాలి, వల ఒక్కటే లక్షల్లో ఉంటుంది. ఈ లక్షలు ఎక్కడి నుంచి వస్తాయి అన్నదాని దగ్గరికి తర్వాత వస్తాను, నా కేసంతా అక్కడే ఉంది.

ఇక చట్టం. రింగు వలలు తీరానికి 8 కిలోమీటర్ల అవతలే వెయ్యాలి అని ఇక్కడ అధికారులు చెప్పే గీత ఒకటుంది, టీవీ చర్చలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. కానీ ఈ గీతలు ఎవరో ఆఫీసులో కూర్చుని ఖాళీగా గీసినవి కావు. 1970ల్లో తమిళనాడు, గోవా, కేరళ తీరాల్లో ట్రాలర్లకీ, అంటే వల ఈడ్చుకుపోయే పెద్ద మరబోట్లకీ, చిన్న పడవల వాళ్ళకీ పెద్ద గొడవలు జరిగాయి, ప్రాణాలు కూడా పోయాయి, అప్పుడు కేంద్రం 1976లో మజుందార్ కమిటీ వేసింది, తర్వాత ఒక మోడల్ బిల్లు తయారుచేసి రాష్ట్రాలకి పంపింది. కేరళ 1980లో చట్టం చేసుకుంటే మన రాష్ట్రం 1994లో చేసుకుంది. అంటే కిలోమీటర్ల గీత అనేదే ఒక పాత గొడవ మిగిల్చిన రాజీ. ఇది తెలిశాక 2022 గొడవని చూస్తే అది ఉన్నట్టుండి పుట్టిన అల్లరిలా కనిపించదు, ఇంకా తేలని ఒక పాత వ్యవహారం మన ఒడ్డుకి వచ్చినట్టు కనిపిస్తుంది.

ఈ గీత గురించి ఒక పెద్దాయన నాతో అన్న మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను. "ఎనిమిది కిలోమీటర్లు అంతన్నారు, బానే ఉంది, నీటి మీద గీత ఏటుందమ్మా? ఆల్ల దగ్గిర జీపీయెస్సుంది, మా దగ్గిర కొండలున్నాయి." ఆయన తరం వాళ్ళు యారాడ కొండనీ కైలాసగిరినీ, వెనకాల కనపడే సింహాచలం కొండల్నీ ఒకదానితో ఒకటి కలిపి చూసుకుని ఎక్కడున్నామో చెప్పేస్తారు, అలా చెప్పే చోటు చేపలు దొరికే చోటు, అది ఒడ్డు నుంచి ఎంత దూరం అన్న లెక్క వాళ్ళకి అక్కర్లేదు. చట్టం ఒడ్డు నుంచి దూరం కొలుస్తుంది, వేటగాడు కొండల్ని చూసి చోటు పట్టుకుంటాడు. నేను లోపలే ఉన్నాను, నువ్వు బయట ఉన్నావు అని ఇద్దరూ నిజాయితీగానే వాదించుకోవచ్చు. పోలీసుల రికార్డులో ఇది పట్టదు.

పుస్తకం ఏం చేసింది

ఆ నెలల్లో నేను మాక్స్ గ్లక్‌మన్ అనే ఆంత్రోపాలజిస్ట్‌ని మళ్ళీ చదువుతున్నాను. ఆయన 1940లో అచ్చైన ఒక వ్యాసంలో దక్షిణాఫ్రికాలోని జూలూలాండ్‌లో 1938లో జరిగిన ఒక వంతెన ప్రారంభోత్సవాన్ని తీసుకున్నాడు. ఒక్క రోజు ఫంక్షన్, అంతే. తెల్ల అధికారులు, జూలూ పెద్దలు, మిషనరీలు ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఎవరితో మాట్లాడారు, ఫంక్షన్ అయ్యాక ఎవరు ఏ ఒడ్డుకి వెళ్ళి ఏం తాగారు అని వరసగా రాసుకుంటూ పోయి, విడిపోయి ఉన్న మనుషులే ఒకళ్ళ మీద ఒకళ్ళు ఆధారపడి ఎలా ఉన్నారో చూపించాడు. తర్వాత 1955లో వచ్చిన ఉపన్యాసాల పుస్తకంలో ఇంకో మాట చెప్పాడు, ఒక విషయంలో శత్రువులుగా ఉన్నవాళ్ళు ఇంకో విషయంలో చుట్టాలో పొత్తుదారులో అయి ఉంటారనీ, అందువల్లే పగలు ఒక హద్దు దాటవనీ.

ఆఫ్రికాలో వలస పాలకుల కాలంలో రాసింది మన జాలరిపేటలకి ఎందుకు అని అడిగినవాళ్ళున్నారు, సరైన ప్రశ్నే. పుస్తకం నాకు జవాబు ఇవ్వలేదు, ఒక పని అప్పగించింది. "రెండు వర్గాలు" అని పేపర్లో చదివినప్పుడల్లా, ఆ రెండు వర్గాల మధ్య ఏమేం చుట్టరికాలున్నాయో వెళ్ళి లెక్కపెట్టు అని. నా నోట్‌బుక్ అప్పటి నుంచి అలాగే నడుస్తోంది, ఎడమ పేజీలో చూసిందీ విన్నదీ, కుడి పేజీలో చదివిందీ, పేపర్లో వచ్చిందీ, నాయకులు అన్నదీ. రెండు పేజీలు ఒకదాన్నొకటి నిలదియ్యాలి. కుడి పేజీ నిండుగా ఉండి ఎడమ పేజీ ఖాళీగా ఉందంటే ఆ వారం నేను లైబ్రరీలోనే ఉండిపోయానని అర్థం, ఆంధ్రా యూనివర్సిటీ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ చల్లగా ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

పాట దగ్గర

ఆడదాన్ని కాబట్టి వేట పడవ ఎక్కడానికి నాకు వీల్లేదు, ఆ ఆచారం ఇక్కడ గట్టిగానే ఉంది. దానివల్ల నా పనంతా ఒడ్డు మీద పాట, అంటే చేపల వేలం, జరిగే చోట మొదలైంది, అదే ఈ కేసుకి మేలు చేసింది. గొడవ సముద్రంలో జరిగింది కానీ కారణం ఒడ్డు మీద ఉంది.

తెల్లవారుజామున పడవలు వస్తాయి, చేప ఇసక మీద పోస్తారు, పాట మొదలవుతుంది. రింగు వల పడవ నిండుగా వచ్చిన రోజు కవళ్ళ రేటు ఒక్కసారిగా పడిపోతుంది. రాత్రంతా వేట చేసి రెండు బుట్టల కవళ్ళు తెచ్చిన ఫైబర్ తెప్ప వాళ్ళకి ఆయిల్ ఖర్చు కూడా రాదు. నేను చాలాసార్లు విన్న మాట ఇదే, ఆల్లు మా చేప పట్టుకుపోతన్నారని కాదు, మా చేపకి ధర లేకుండా సేస్తన్నారని. టీవీలో మాత్రం "చేపల్ని దోచేస్తున్నారు" అని మాత్రమే వచ్చింది. చేప తగ్గిపోవడం ఏళ్ళ మీద తెలిసే నష్టం, రేటు పడిపోవడం ఆ పూట తెలిసే నష్టం, పడవ తగలబెట్టేంత కోపం ఈ రెండో దాంట్లోంచి వస్తుందని నా అభిప్రాయం.

మరి ఆడవాళ్ళు? ఇక్కడే అసలు విషయం చిక్కగా ఉంది. తట్ట నెత్తిన పెట్టుకుని కాలనీల్లో అమ్ముకునే ఆమెకి చవక చేప మంచిదే, కానీ ఐసు కావాలి, ఆటో కావాలి, సాయంత్రానికి అమ్ముడవ్వాలి, ఊరంతా ఒకే చేప ఉంటే ఎవరు కొంటారు. ఎండుచేపల పని చేసే ఆమెకి రింగు వల రోజు పండగ, ఆ రోజు కొన్నది ఎండబెట్టుకుంటే కొన్నాళ్ళు బేరం. గాలం వేటగాడి భార్యకి అదే రోజు ఇంట్లో పొయ్యి వెలగని రోజు. ముగ్గురూ ఒకే వీధి, ఒక్కోసారి ఒకే ఇల్లు. నేను ఒక పెద్దమ్మని, రింగు వల ఉండాలా వద్దా అని సూటిగా అడిగాను. ఆమె చాలాసేపు ఏమీ అనకుండా చేప శుభ్రం చేసుకుని, "నా పెద్దకొడుకు ఆటిల్లో ఎల్తాడు, అల్లుడు గాలం ఏస్తాడు. ఏటి సెప్పమంతావు పాపా" అంది. ఆ జవాబుని నేను జవాబుల్ని రకాలుగా విడగొట్టే ఏ కోడింగ్ షీట్లోనూ పెట్టలేను, కానీ కేసంతా అందులోనే ఉంది.

ఇప్పుడు బాకీల సంగతి. రింగు వలకి పెట్టుబడి ఒక్కడి వల్ల కాదు, చాలామంది వాటాలు వేసుకుంటారు, అది చాలక చేప కొనే షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. అడ్వాన్సు తీసుకున్నాక చేప ఆయనకే ఇవ్వాలి, ఆయన చెప్పిన రేటుకే ఇవ్వాలి. అలాంటి బాకీ నెత్తి మీద ఉన్నవాడు ఈ వారం వల ఆపు అంటే ఆపగలడా? చిన్న తెప్ప వాళ్ళకీ బాకీలు ఉన్నాయి, ఇంజనుకో వలకో, కానీ చిన్నవి. పెద్ద బాకీ ఉన్నవాడు పెద్ద వేట కోసం ఒడ్డుకి దగ్గరగా వస్తాడు, ఎందుకంటే డీజిల్ తగ్గుతుంది, చేప గుంపు కూడా అక్కడే ఉండొచ్చు. 8 కిలోమీటర్ల గీత దాటి లోపలికి రావడం అనేది దురాశ అని అందరూ అన్నారు. నేను పాట దగ్గర చూసినంతలో అది వాయిదా కట్టాల్సిన తేదీ. ఈ మాట నేను చాలా నమ్మకంతో అంటున్నాను.

చుట్టరికాలు ఎంతవరకు పనిచేశాయి

గ్లక్‌మన్ అప్పగించిన పని ప్రకారం చుట్టరికాలు రాయడం మొదలుపెట్టాను. జాలరి, వాడబలిజ కుటుంబాల్లో పెళ్ళిళ్ళు ఈ తీరం ఊళ్ళ మధ్యే ఎక్కువ జరుగుతాయి. బావ రింగు వలలో వాటాదారు, బావమరిది ఫైబర్ తెప్ప మనిషి, ఇలాంటి జంటలు ఒక్క పేటలోనే ఎన్ని ఉన్నాయంటే "రెండు వర్గాలు" అన్న మాట నా నోట్‌బుక్‌లో కొట్టేశాను. ఊరి మధ్య పోలీసులు కాపలా ఉన్న రోజుల్లో కూడా పురుటికి వచ్చిన కూతురుకి పథ్యం కూర వెనక సందులోంచి వెళ్ళేది. మగవాళ్ళు మాట్లాడుకోని రోజుల్లో కబుర్లు ఆడవాళ్ళ ద్వారానే అటూ ఇటూ నడిచాయి, గొడవ ఇంకా ముదరకుండా ఆగడానికి ఆ కబుర్లు చాలా పనిచేశాయని నేను గట్టిగా నమ్ముతున్నాను, దాని గురించి ఎక్కడా ఒక్క లైను రాలేదు.

కానీ పుస్తకం ఒక చోట ఆగిపోయింది. చుట్టరికం చుట్టాల్ని చల్లబరుస్తుంది, డబ్బుని చల్లబరచలేదు. షావుకారుకి ఊళ్ళో పెళ్ళికూతురు లేదు, అమ్మవారి పండక్కి చందా ఇస్తాడేమో కానీ గొడవలో దెబ్బ తగిలేది ఆయనకి కాదు. గ్లక్‌మన్ చెప్పిన మెత్తదనం అంతా ఒకే చోట కలిసి బతికేవాళ్ళ మధ్య ఉండేది. మన దగ్గర వలలో పెట్టిన డబ్బు ఊరి బయట నుంచి వస్తోంది, చేప కూడా ఊరి బయటికే పోతోంది, కొంత ఎండుచేపగా, కొంత రొయ్యల మేతకి వాడే చేపల పొడిగా. ఇది రాయడానికి నాకు పొలిటికల్ ఎకానమీ పుస్తకాల వైపు, అంటే డబ్బూ అధికారమూ కలిసి ఎలా నడుస్తాయో చెప్పే పుస్తకాల వైపు, వెళ్ళాల్సి వచ్చింది, ఊరి ఆంత్రోపాలజీ ఒక్కటే సరిపోలేదు.

ఇక్కడే ఇంకో పుస్తకం ప్రస్తావన అవసరం. చార్లెస్ నకల్స్ అనే అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్ విశాఖ జాలరుల మధ్యే ఫీల్డ్‌వర్క్ చేసి 1996లో పుస్తకం రాశాడు, ఇంటికి కష్టం వచ్చినప్పుడు అమ్మవారికి ఏం లోటు జరిగింది, ఇంట్లో ఎవరికి ఎవరితో పడట్లేదు అని సోదె అడిగి తెలుసుకునే పద్ధతుల గురించి. నేను ఆ పేజీలు పక్కన పెట్టుకుని ఇప్పటి మాటలు వింటే, ఒక మార్పు కనిపిస్తుంది. వేట పడకపోతే ఇప్పుడు మొదట వచ్చే మాట రింగు వల. ఇంట్లో అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలు తవ్వే ప్రశ్న పోయి, పక్క పేట వైపు వేలు చూపించే ప్రశ్న వచ్చింది. అలాగని అమ్మవారిని అడగడం మానలేదు, రెండూ నడుస్తున్నాయి. కానీ సోదెలో తేలిన గొడవకి పరిష్కారం ఇంట్లోనే ఉండేది, ఒక మొక్కు, ఒక పంపకం, ఒక రాజీ భోజనం. వల గొడవకి పరిష్కారం ఇంట్లో లేదు.

మీటింగ్ హాల్లో ఏం మిగిలింది

చర్చలు జరిగాయని చెప్పాను కదా. రెండు వైపుల పెద్దలు, అధికారులు, ప్రజాప్రతినిధులు. ఆ చర్చల మీద వచ్చిన వార్తలన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను, మన దగ్గర ఏ పేపర్ ఏ పార్టీ వైపు మొగ్గుతుందో అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్కటి చదివితే చాలదు, ఎదురు పేపర్ కూడా చదవాలి, అప్పుడు రెండింట్లోనూ లేనిది ఏంటో కనపడుతుంది. రెండింట్లోనూ కిలోమీటర్లు ఉన్నాయి, వల కన్ను సైజు ఉంది, లైసెన్సులు ఉన్నాయి. రెండింట్లోనూ రేటు లేదు, అడ్వాన్సు లేదు, షావుకారు లేడు, ఆడవాళ్ళు లేరు. కొలవగలిగేది మాత్రమే మీటింగ్‌లోకి వస్తుంది, అది ప్రభుత్వం పనిచేసే తీరు, ఒక పార్టీది అని కాదు. 2024లో ప్రభుత్వం మారింది, ఈ విషయంలో వినపడే మాటలు మారలేదు.

వేట నిషేధం చూడండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలం అని. ఆ కాలానికి ఇచ్చే సాయం 2019 నుంచి 10,000 రూపాయలు ఉండేది, 2025లో 20,000 చేశారు. మంచిదే, ఆ డబ్బు రాకపోతే ఇళ్ళు ఎలా గడుస్తాయో నాకు తెలుసు. కానీ అది వేటకి వెళ్ళేవాళ్ళ పేరు మీద, పడవ లెక్కన వస్తుంది. అదే రెండు నెలలు బేరం ఆగిపోయిన తట్ట ఆడవాళ్ళు ఏ జాబితాలోనూ లేరు. రోజువారీ వడ్డీ మీద అప్పు తెచ్చుకుని పాట పాడే మనిషికి 61 రోజులు అంటే ఏంటో ఒకసారి ఆలోచించండి.

విక్టర్ టర్నర్ అనే ఇంకో ఆంత్రోపాలజిస్ట్ గొడవని నాలుగు దశలుగా చూడమన్నాడు, కట్టుబాటు తెగడం, ముదరడం, సరిదిద్దడం, చివరికి కలవడమో విడిపోవడమో. క్లాసులో చెప్పుకోవడానికి చాలా బాగుంటుంది. ఈ కేసులో నేను దాన్ని వాడలేదు. మీటింగ్ హాల్లో జరిగినదాన్ని సరిదిద్దడం అని పిలవాలంటే అక్కడ అసలు కారణం బల్ల మీదకి రావాలి, రాలేదు, కాబట్టి అది సరిదిద్దడం కాదు, వాయిదా.

దూరం గొడవలు దగ్గరికి ఎలా వస్తాయి

ఒడ్డు మీద టీ కొట్టు దగ్గర గాజా గురించి, పాకిస్తాన్ గురించి, యుక్రెయిన్ గురించి మాట్లాడుకోవడం విని ఇది కాలక్షేపం అనుకునే రీసెర్చర్లు ఉంటారు. దయచేసి అలా అనుకోకండి. ఇది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, 1971 యుద్ధంలో పాకిస్తాన్ ఘాజీ సబ్‌మెరైన్ ఇదే తీరంలో మునిగింది, పెద్దవాళ్ళు ఆ రాత్రి గురించి ఇప్పటికీ చెప్తారు. యుద్ధం మాట వినపడగానే ఇక్కడి మనిషికి వచ్చే మొదటి ఆలోచన రేపు సముద్రంలోకి వెళ్ళనిస్తారా అని.

ఇంకా దగ్గర ఉదాహరణ వేరావల్. ఇక్కడ వేట గిట్టుబాటు కాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్ళు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి అక్కడి బోట్లలో కళాసీలుగా పనిచేస్తారు. 2018 నవంబర్లో అలా వెళ్ళినవాళ్ళని సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది, 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దగ్గర విడుదలయ్యారు. ఏడాది పైన జైల్లో. ఆ ఊళ్ళలో ఇండియా పాకిస్తాన్ గొడవ అంటే టీవీ డిబేట్ కాదు, కొడుకు ఎప్పుడొస్తాడు అన్న ప్రశ్న. అక్కడ కూడా చూడండి, నీటి మీద కనపడని గీత, దాటావు అన్న ఆరోపణ.

దీనికీ రింగు వలకీ సంబంధం ఏంటంటే, పాట దగ్గర ఒకావిడ నాతో అంది, "ఈ వల ఉండబట్టి మా గుంటడు ఊళ్ళో ఉన్నాడమ్మా, నేపోతే ఆడూ వేరావల్ ఎల్పోవాల." రింగు వలకి ఎక్కువమంది కుర్రాళ్ళు కావాలి, వాళ్ళకి వాటా దొరుకుతుంది, ఊరు వదలక్కర్లేదు. పర్యావరణం వైపు నుంచి రాసేవాళ్ళు నిషేధం ఒక్కటే అడుగుతారు, వాళ్ళ బాధ నిజమే, పిల్లచేపలు పోతున్నమాట నిజమే, కానీ ఆవిడ కొడుకు కూడా ఆ లెక్కలో ఉండాలి కదా.

చేప ఎందుకు తగ్గింది, ఎవరు చెప్పాలి

1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రాసిన వ్యాసం ఒకటుంది, ఉమ్మడి వనరు ఏదైనా సరే ఎవరికి వారు లాక్కుని నాశనం చేస్తారు అని. ఆ పేరు తెలియనివాళ్ళు కూడా మన దగ్గర ఆ వాదనే చేస్తారు, "ఈ జాలరోళ్ళే సముద్రాన్ని పాడు చేసుకుంటున్నారు" అని బీచ్ రోడ్డు మీద నడక మనుషులు అనడం నేను స్వయంగా విన్నాను. ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1990లో దానికి జవాబుగా ఎన్నో ఊళ్ళ ఉదాహరణలు పెట్టింది, 2009లో ఆమెకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. అందులో టర్కీలోని అలాన్యా అనే చోట మత్స్యకారులు ఏటా సెప్టెంబర్లో చీట్లు తీసి వేట చోట్లు పంచుకుంటారు, తర్వాత రోజుకో చోటు జరుగుతూ వెళ్తారు, అందరికీ మంచి చోటు వంతు వస్తుంది, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు కాబట్టి దొంగ వేట కుదరదు. మన దగ్గర పులికాట్ సరస్సులో కూడా పాడు అని వంతుల పద్ధతి ఉంది.

ఈ అలాన్యా కథని నేను తెలుగులో ఊళ్ళో పెద్దలకి చెప్పాను, రెండు వైపులా విడివిడిగా. ఒక పెద్దాయన వెంటనే, "చోటు వంతులు సరే, రేటు వంతులు కూడా ఉండాల కదా, ఆల్లు దింపిన రోజు మా చేప ఎవడు కొంతాడు" అన్నారు. ఆస్ట్రమ్ పుస్తకంలో చోటు గురించి ఉన్నంత వివరంగా ఆ రోజు పాట గురించి ఉండదు. పుస్తకం ఊళ్ళోకి వెళ్ళి తిరిగొస్తే ఇలా ఇంకొంచెం బరువుగా వస్తుంది, అందుకే నేను చదివింది ఫీల్డులో దాచుకోను, చెప్పేస్తాను.

చేప తగ్గడానికి రింగు వల ఒక్కటే కారణం అని కూడా రాయలేం. కవళ్ళు అసలే నిలకడ లేని చేప. కేరళలో 2012లో దాదాపు నాలుగు లక్షల టన్నులు పడిన కవళ్ళు 2021కి నాలుగు వేల టన్నులు కూడా లేకుండా పోయాయి. సముద్రం వేడెక్కడం, ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం కొన్నేళ్ళకోసారి వేడెక్కి వాతావరణాన్ని మార్చడం), ఎక్కువ వేట అన్నీ కలిసే పనిచేస్తాయి. ఈ లెక్కలు చెప్పినప్పుడు రింగు వల వాళ్ళు "చూసారా మాది తప్పు కాదు" అంటారు, సంప్రదాయ వల వాళ్ళు "మరి ఉన్న నాలుగు కూడా ఆల్లే పట్టుకుపోతే" అంటారు. ఇద్దరి మాటా రాసుకోవాలి.

నోట్

ఇదంతా అయ్యాక తెలుగులో ఒక చిన్న నోట్ రాసి, ఇంగ్లీషు పేపర్ కంటే ముందు దాన్నే రెండు వైపులా చదివి వినిపించాను. అందులో ఉన్నవి: వేట చోటు గొడవతో పాటు రేటు గొడవ కూడా చర్చకి పెట్టాలి, రింగు వల పడవలు దిగే రోజులూ వేళలూ ముందే ఊళ్ళకి తెలియాలి, అడ్వాన్సుల వడ్డీ, అమ్మకం షరతులు కాగితం మీద ఉండాలి, 8 కిలోమీటర్ల దగ్గర కంటికి కనపడే గుర్తులు పెట్టాలి. రింగు వల వైపు వాళ్ళు అడ్వాన్సుల లైను తీసెయ్యమన్నారు, అది బయటికొస్తే వచ్చే సీజన్‌కి డబ్బు పుట్టదు అని భయం. వాళ్ళ భయం అర్థం చేసుకున్నాను, అందుకని ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా మార్చి ఉంచాను, ఆ మార్పుకి ఒప్పుకున్నారు. సంప్రదాయ వల వైపు వాళ్ళు పిల్లచేపల గురించి ఇంకా గట్టిగా రాయమన్నారు, రాశాను. పాట దగ్గరి ఆడవాళ్ళు నోట్ మొత్తం విని, మీ నోట్‌లో మేము ఎక్కడున్నాం అని అడిగి, వాళ్ళే రెండు లైన్లు చెప్పారు: పాట జరిగే చోట నీడా, తాగే నీళ్ళూ, తక్కువ రేటుకి ఐసూ ఉండాలి, ఇకముందు రింగు వల గురించి ఏ మీటింగ్ పెట్టినా పాట ఆడవాళ్ళని పిలవాలి. ఆ రెండు లైన్లు ఇప్పుడు నోట్‌లో మొదటి రెండు లైన్లు.